మైకు ఆటో భిక్షపతి కడుపుమంట

దిల్‌సుఖ్‌నగర్ నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా భిక్షపతి మొహం తెలిసినవాళ్లు తక్కువ. గొంతు తెలియనివాళ్లు ఇంకా తక్కువ. ఆటో మీద రెండు మైకులు కట్టుకుని చీరల షాపులకూ, కోచింగ్ సెంటర్లకూ, కొత్తగా తెరిచిన టిఫిన్ హోటళ్లకూ గల్లీ గల్లీ తిరిగి ప్రచారం చేయడం అతని పని.

నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన కొత్తలో కొత్తపేటలోని ఒక టెంట్‌హౌస్‌లో కుర్చీలు మోసేవాడు. ఒక పెళ్లిలో మైకు పలుకుతుందో లేదో చూడమంటే, అందరిలా హలో హలో అనకుండా, "పెళ్లికొచ్చిన పెద్దలందరు ముందుగాల కడుపునిండ తినుండ్రి, కట్నాలు తర్వాత సదివించొచ్చు" అన్నాడు. పందిరంతా నవ్వింది. భోజనాల వరసలో కూర్చున్న రామమోహనరావు కూడా నవ్వాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడిన ఆయన, భార్య పేరుతో ఉదయలక్ష్మి శారీస్ తెరిచే ప్రయత్నంలో ఉన్నాడు. మర్నాడే కబురు పంపాడు.

అప్పటి నుంచి ఆ షాపు గొంతు భిక్షపతే. ఎవరూ రాసివ్వనక్కర్లేదు, మాటలు తనే కట్టుకునేవాడు. "అక్కలారా, చెల్లెళ్లారా" అని ఒక్క క్షణం ఆగేవాడు. ఆ ఆగడంలోనే ఉండేది కిటుకంతా. ఆ కాస్త వ్యవధిలో ఆడవాళ్లు పొయ్యి తగ్గించి గేటు దాకా వచ్చేవారు.

ఈసారి దసరా దగ్గర పడుతున్నా షాపు నుంచి పిలుపు రాలేదు. రెండు రోజులు చూసి, మర్చిపోయారేమోనని తనే వెళ్లాడు. లోపల ఒక అమ్మాయి గుండ్రటి లైటు ముందు నిలబడి, భుజం మీద చీర వేసుకుని ఎదురుగా నిలబెట్టిన ఫోనుతో మాట్లాడుతోంది. షాపులో పనిచేసేవాళ్లంతా గోడకు ఆనుకుని, ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నట్టు నిలబడ్డారు.

రామమోహనరావు అతన్ని పక్కకు తీసుకెళ్లాడు. "ఏమనుకోకు భిక్షపతీ. ఇప్పటి పిల్లలు చెవుల్లో బడ్స్ పెట్టుకుని తిరుగుతున్నారు. నువ్వెంత గొంతు చించుకున్నా వాళ్లకి వినపడదు. వాళ్లకేం కావాలన్నా ఫోన్లో చూసుకునే వస్తున్నారు. ఈ అమ్మాయి తేజస్విని, అల్మాస్‌గూడ. డిగ్రీ చదువుతూనే రీల్స్ చేస్తోంది. ఈ ఏడు ప్రచారం ఈమెతో చేయించి చూద్దాం."

"చూడుండ్రి సార్" అన్నాడు భిక్షపతి. బయటికొచ్చి ఆటో తీశాడు.

ఆదివారం అటుగా ఆటో పోనిచ్చాడు. షాపు ముందు కాలేజీ అమ్మాయిలు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరూ ఫోను చూపించి లోపలికి వెళ్తున్నారు. "రీల్‌లో ఆమె కట్టుకుంది అదే కావాలి" అంటోంది ఒక అమ్మాయి. భిక్షపతి ఆటో పక్కకు ఆపి చూశాడు. తన మాట విని వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు గానీ, భిక్షపతి చెప్పిందే కావాలని ఏ ఒక్కరూ అడగలేదు.

అప్పటి నుంచి ఇంట్లో భార్య ఫోను అతని చేతిలోనే ఉండేది. తేజస్విని రీల్స్ ఒక్కటీ వదలకుండా చూసేవాడు. ఆ పిల్ల మాటల చివరలు మింగేస్తుంది, ధర చెప్పేచోట ఊపిరి అందక తొట్రుపడుతుంది. అయినా కింద గుండె గుర్తులు పుట్టలు పుట్టలుగా పడుతున్నాయి. అదే అతన్ని కాల్చింది. బాగా చేసి పేరు తెచ్చుకుంటే ఓర్చుకునేవాడేమో.

"ఏందయ్యా, పొద్దస్తమానం ఆ పిల్లనే జూస్తున్నవ్?" అంది భార్య అరుణమ్మ.

"ఏముందని ఎగబడుతున్నరో సమజయితలేదు, గందుకే జూస్తున్న."

ఒక మధ్యాహ్నం ఆమె రైతుబజారుకు వెళ్లినప్పుడు, కొత్త రీల్ కింద కామెంట్ పెట్టాలనిపించింది. టైపు చేయడం సరిగా రాదు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుందని తెలుసు. నొక్కాడు. "అక్కలారా, చెల్లెళ్లారా, ఈ దుకాణంల చీర ఒక్క ఉతుకుడుకే రంగు పోతది. నమ్మి మోసపోకుండ్రి." పంపేశాడు. లోపల ఎక్కడో చల్లగా అనిపించింది.

ఆ చల్లదనం ఒక్క పూటే. ఆ కామెంట్ కింద నిజమా, అబద్ధమా అని వందల మంది వాదులాడుకున్నారు. మర్నాడు తేజస్విని బకెట్ ముందు పెట్టుకుని ఇంకో రీల్ చేసింది. అదే చీరను సబ్బు నీళ్లలో నానబెట్టి, ఉతికి, పిండి, తెల్ల తువ్వాలు మీద పరిచి చూపించింది. రంగు చుక్క అంటలేదు. అంతకుముందు చేసిన రీల్స్ అన్నీ కలిపినా అన్ని వ్యూస్ రాలేదు. సాయంత్రానికి ఆ రకం చీర షాపులో అయిపోయింది. తను వేసిన రాయి ఆమెకే మెట్టయినందుకు భిక్షపతి ఆ రాత్రి సరిగా తినలేదు.

రెండు రోజుల తర్వాత ఎల్.బి.నగర్ మెట్రో కింద ఆటో ఆపి టీ తాగుతుంటే, తేజస్విని ఆటో మీది మైకులు చూసి నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

"అంకుల్, ఆ కామెంట్ మీరే పెట్టిన్రు కదా. అక్కలారా, చెల్లెళ్లారా అని ఇంకెవరంటరు? నా చిన్నప్పటిసంది ఇంటున్న."

భిక్షపతి గ్లాసు కింద పెట్టాడు.

"చీరల నిజంగ ఏమన్న తేడా ఉందా?"

"లేదు బిడ్డా."

"మరెందుకు పెట్టిన్రు?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. కానీ నిజమే వచ్చింది. "నీ మీద కుళ్లుతోని. నేను ఇరవయ్యేండ్లు తిరిగి సంపాయించుకున్నది నువ్వు నిలబడ్డకాడనే గుంజుకున్నవ్. రాత్రి కండ్లు మూస్తే నువ్వే. తప్పే. జరుగుతున్నది మాత్రం గిదే."

ఆ పిల్ల కోప్పడుతుందనుకున్నాడు. ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుని తన ఫోనులో ఇంకో అమ్మాయి పేజీ తీసి చూపించింది. "ఈమె జ్యోతిక. ఈడనే, చైతన్యపురి. నా తర్వాత మొదలువెట్టి నన్ను దాటిపోయింది. పొద్దుగాల లేవంగనే ఈమెకెన్ని వ్యూసొచ్చినయో జూసినంకనే మొహం కడుగుత. మొన్న ఈమె రీల్ ఒకటి ఎక్కువమంది జూడలేదని తెలిసి ఆ రోజంత ఖుషీగ ఉన్న. మా అమ్మకు గూడ చెప్పలే ఈ ముచ్చట."

భిక్షపతి ఆమె మొహంలోకి చూశాడు. దసరా ముందు నుంచి తన మొహం అద్దంలో ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"ఆ కామెంట్ తీసేస్త" అన్నాడు.

"వద్దంకుల్. కొట్లాట ఉంటెనే రీచ్ వస్తది, మస్తు మంది జూస్తరు."

అతనికి నవ్వు రాబోయి ఆగింది. "ధర చెప్పేముందు ఊపిరి తీస్కో. నడుమల తీస్కుంటున్నవ్, గందుకే మాట తెగుతున్నది" అన్నాడు. ఆమె ఒకసారి అని చూసింది. ఇంకోసారి అన్నది. రెండోసారి సరిగ్గా వచ్చింది. థాంక్స్ చెప్పి మెట్రో మెట్లెక్కి వెళ్లిపోయింది.

దీపావళికి రామమోహనరావు భిక్షపతిని మళ్లీ పిలిచాడు, కానీ అల్మాస్‌గూడ వైపు కాలనీలకు మాత్రమే, ఫోన్లలో చీరలు చూడని పెద్దవాళ్ల కోసం. మునుపటి పనిలో అది సగం కూడా కాదు. ఒప్పుకున్నాడు. షాపు ముందు ఫోన్లు పట్టుకుని నిలబడే అమ్మాయిలను చూస్తే అతనికి ఇప్పటికీ కడుపు మండుతుంది.

కాకపోతే సాయంత్రాలు అరుణమ్మ ఫోను తీసుకుని ముందు జ్యోతిక పేజీ చూస్తున్నాడు. ఆ పిల్లకు అన్ని వ్యూస్ ఎందుకొస్తున్నాయో అతనికి బొత్తిగా అర్థం కావడం లేదు. మన తేజస్విని మాటలో సగం కూడా లేదని భార్యతో వాదిస్తున్నాడు.