శిరివెళ్లలో ఆగిన ఇంజన్

మన ఊళ్లకు కరెంటు బస్సులు అవసరమా అని నాకూ మా తమ్ముడికీ ఇంట్లో ఒకటే వాదన. కొనాలంటే ఖరీదు, చార్జింగుకు ఏర్పాట్లు కావాలి, బ్యాటరీ మార్చాలంటే మళ్లీ ఖర్చు అంటాడు వాడు. మరి పొగకు ఎవరు లెక్క కడతారని నేను. ఎంతకీ తెగక, విసుగొచ్చి, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేది చూసొస్తానని చెప్పి ఉదయం ఏడింటికి నంద్యాలలో అక్కడికి వెళ్లే పాత ప్రైవేటు బస్సెక్కాను. టిక్కెట్టు డెబ్బై రూపాయల లోపే. గంటకు పైగా ప్రయాణం.

వెనక డిక్కీలో కూరగాయల మూటలు వేయించి నా పక్కన కూర్చుంది మస్తాన్‌బీ. నంద్యాల మార్కెట్లో కొని శిరివెళ్లలో అమ్ముకుంటుందట. ఉబ్బసం మనిషి, ముక్కు మీంచి కొంగు తీయలేదు. "పొగలో తిరగొద్దంటాడు డాక్టరు. తిరక్కుంటే ఇల్లెట్ల నడుస్తాది మ్మా?" అంది. కరెంటు బస్సుల గురించి ఉత్సాహంగా చెప్పాను. అంతా విని, "బాగుంటాది. మూటలు ఏసుకుంటారా దాంట్లో? చార్జీ పెంచుతారా?" అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను. మా తమ్ముడు పక్కన లేడు, బతికిపోయాను.

శిరివెళ్లలో ఆమె దిగి డిక్కీ దగ్గరికి వెళ్లింది. పొగగొట్టం ఆ పక్కనే. డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. వెంటనే మగవాళ్లంతా అలవాటైనట్టు దిగసాగారు.

"మధ్యలో చెడిపోయిందా? ముందే చెప్పొద్దూ?" అని డ్రైవరును కసిరాను.

"చెడిపోలేదక్కా. ఇంజన్ ఆపితే మళ్లీ సెల్ఫ్ స్టార్టు అందుకోదు, దిగి తోయాల. ఈడ తప్ప ఇంగ యాడా ఆపను. ఒకసారి మూటలు దించుకుంటా ఆ పొగలోనే కూలబడిపాయ ఆమె. అది చూసినాంక ఆపకుండా ఎట్లుంటాం?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. దిగి నేనూ ఓ చెయ్యి వేశాను. ఇంజన్ అందుకోగానే నల్లటి పొగ మా ముఖాన కొట్టింది. అప్పటికి మస్తాన్‌బీ మూటలతో టీ కొట్టు దగ్గరికి చేరింది.

ఆళ్లగడ్డలో విగ్రహాలు బాగున్నాయి గానీ మనసంతా వెనకే ఉండిపోయింది. కరెంటు బస్సు ఖరీదు నిజమే. మూటలకు చోటు, చార్జీ కూడా తేలాల్సినవే. కానీ డీజిల్ చవకని మాత్రం ఇక ఎవరన్నా ఒప్పుకోను. దాని మిగతా ధర శిరివెళ్లలో కొందరు భుజాలతో కడుతున్నారు. ఇంటికొచ్చి తమ్ముడితో వాదించలేదు, రేపు ఆ బస్సెక్కి రమ్మన్నాను.

మీరూ ఎక్కితే గట్టి చెప్పులు వేసుకోండి. ముక్కుకు కట్టుకోవడానికి ఓ రుమాలు ఉంచుకోండి, దిగి తోయాలి.