దీపాలవేళ గడప దాటిన కసువు

హిందూపురంలో మాది సిమెంటు రేకుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక గుడ్డ తెర. ఇంటికప్పులకు వేసే ఆ గరుకు రేకులను అడిగిన కొలతకు రంపంతో కోసి ఇవ్వడం మా ఆయన పని. సాయంత్రానికి నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా అయిపోయి తెర ఎత్తుకుని వచ్చేవాడు. "ఏమే, విబూది పూసుకొచ్చినా, దండం పెట్టుకో" అనేవాడు. "పెడతాలే, ముందు ఆ చొక్కా ఇప్పు" అని లాక్కుని, గుమ్మంలో నిలబడి పటపటా దులిపి నానబెట్టేదాన్ని. దుమ్మంతా నా మొహం మీదే. నేను తుమ్మితే ఆయన నవ్వేవాడు.

అంగడి ఊడ్చేది కూడా నేనే. ఆ పనికి తీరిక దొరికేసరికి చీకటి పడేది, దేవుడి దగ్గర దీపం పెట్టేసి ఉండేదాన్ని. వ్యాపారం చేసుకునే ఇల్లు కదా. దీపం పెట్టాక కసువు గడప దాటించకూడదు, దాంతోపాటు లక్ష్మి కూడా వెళ్లిపోతుందని మా అత్త నేర్పింది. అందుకని ఆ తెల్లటి పొడినంతా పరకతో తెర పక్క మూలకు తోసి, పొద్దున ఎత్తిపోసేదాన్ని. మా పడక ఆ మూలకు మూరెడు దూరం. ఫ్యాను వేసుకుని హాయిగా పడుకునేవాళ్లం. లక్ష్మిని కాపాడుకుంటున్నానని నాకెంత గర్వమో!

అంగడి ఎత్తేసిన చాలా ఏళ్లకు ఆయనకు ఆయాసం మొదలైంది. ముందు మెట్లెక్కలేకపోయాడు, తర్వాత మాట పూర్తి చెయ్యలేకపోయాడు. బెంగళూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం పని చేసేవారని అడిగితే చెప్పాను. ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే రాతి నూగు ఉంటుందట. కోసినప్పుడు కంటికి కనపడకుండా లేచి ఊపిరితిత్తుల్లో దిగబడుతుందట. జబ్బు బయటపడటానికి ఏళ్లూ పూళ్లూ పడుతుందట. ఇదంతా చెప్పి ఆమె నా వైపు తిరిగి, "ఆయన బట్టలు ఎవరు ఉతికేవారమ్మా?" అంది. "నేనే" అన్నాను.

ఆయన పోయాడు. నా స్కానింగులోనూ మచ్చలున్నాయన్నారు. అప్పుడప్పుడూ వెళ్లి చూపించుకుంటున్నాను. నా సంగతి సరే. ధర్మవరంలో మా చెల్లెలు ఉంది. అమ్మ పోయాక నేను చంకనేసుకుని పెంచిన పిల్ల. నాకంటూ మిగిలింది అదొక్కతే. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పట్టుచీరలు నేస్తారు. పోయిన ఎండాకాలం ఫోన్లో సంబరంగా చెప్పింది.

"అక్కా, ఇంగో మగ్గం ఏస్తాండాం. దాని మీద కప్పుకు పాత రేకులు దొరికినాయి. ఈడనే, ఇంట్లోనే కోయిస్తాండాం."

"అయ్యో, వద్దే! మీ బావను సూసినావు కదా!"

"బావ జన్మంతా కోసినాడు. మాది ఒక్క పొద్దు పని. నీకు అన్నిటికీ బయమే" అని పెట్టేసింది.

రైలెక్కాను. పెనుకొండ దాకా కిటికీలోంచి ఇళ్ల కప్పులే చూశాను. వాటిలో మా అంగడి రేకులు ఎన్నో. కప్పు మీద కదలకుండా ఉన్నంత వరకూ అంత ముప్పు లేదని డాక్టరమ్మ చెప్పింది కానీ, ఏ ఇంట్లో ఎవరు రంపం పట్టుకుని కూర్చున్నారో అని నా ప్రాణం కొట్టుకుంది. ఇదివరకు ఈ దారిలో ఆయన పక్కన ఉండేవాడు, పెనుకొండ స్టేషన్లో దిగి వేయించిన శనక్కాయలు కొనేవాడు. ఆ రోజు పక్క సీటులో నా సంచి కూర్చుంది. ఈ భయం చెప్పుకుందామంటే నాకు మనిషి లేడు.

నేను చేరేసరికి కోత అయిపోయింది. దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది. చెల్లెలు ముక్కుకు కొంగైనా అడ్డం పెట్టుకోకుండా తెల్లటి పొడిని మగ్గం గుంత పక్క మూలకు తోస్తోంది. అచ్చం నాలాగే. తెల్లారితే ఆ గుంతలోనే కాళ్లు పెట్టుకుని రోజంతా కూర్చోవాలి అది.

"ఆపవే! ఆ పరక ఆడ పెట్టు. ఇప్పుడే ఎత్తి బయట పారెయ్యాల" అన్నాను.

"దీపం పెట్టినాం కదక్కా. పొద్దున్నే ఎత్తేస్తాలే. వచ్చినదానివి కూసో, కాఫీ తాగు."

కూర్చోలేదు. చెంబుతో నీళ్లు చిలకరించి పొడిని ముద్ద చేశాను. డాక్టరమ్మ చెప్పినట్టే తడిగుడ్డలతో ఎత్తి, గుడ్డలతో సహా ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టాను. "వదినా, పొద్దున నేను పారేస్తా కదా" అని మరిది నసిగాడు. వినలేదు. సంచి పట్టుకుని గడప దాటాను. వెనక నుంచి చెల్లెలు కేక పెట్టింది.

"నా ఇంటి లచ్చిమిని బయటికి ఈడ్సకపోతాండావా? నీ ఇల్లు అట్లయిందని నా ఇల్లు కూడా..."

అక్కడ ఆపింది. ఆపకపోయినా ఒకటే. మొగుడు పోయినదాన్ని, దీపాలవేళ దాని ఇంటి కసువు మోసుకుని వీధిలో నిలబడ్డాను. చుట్టుపక్కల వాళ్లంతా చూశారు. ఏడుపూ వచ్చింది, ఒళ్లు మండే కోపమూ వచ్చింది. సంచి విప్పకుండా చెత్తబండిలో వెయ్యమని మరిదికి అప్పగించి స్టేషన్‌కు నడిచాను. ఎప్పుడూ వీధి చివరిదాకా వచ్చి సాగనంపే పిల్ల తలుపు దగ్గరికి కూడా రాలేదు.

అప్పటి నుంచి దాని ఫోన్ లేదు. మరిది ఒకసారి చేశాడు. ఆ సాయంత్రం నుంచి చీరలు కదలడం లేదని, అంతా అక్క చేసిన పనేనని అంటోందట. ఏం చెప్పను? నేను చేసింది ఫలిస్తే దానికి ఏమీ కాదు. ఏమీ కాకపోతే, నేనెందుకు చేశానో దానికి ఎప్పటికీ తెలియదు. దీపం పెట్టే వేళకు రోజూ మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడా వేళకు ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంటాను. ఇంట్లో నా దగ్గు తప్ప వేరే చప్పుడు లేదు.

తిట్టుకోనీ. నిండు నూరేళ్లూ, ఊపిరి నిండా తిట్టుకోనీ నన్ను.