చెట్టు కింది నేల

మా బాటనీ సారు పోయారని మొన్న పొద్దున మందమర్రి నుంచి ఫోనొచ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఏడాదిన్నరగా ఆయనతో మాటల్లేవు. అయినా ఆ పూటే మందమర్రి బస్సెక్కాను.

పాత నలుపు తెలుపు ఫోటోల్లో మన అడవుల చెట్లను గుర్తుపట్టడం ఆయన పిచ్చి. చొక్కా జేబులో ఎప్పుడూ భూతద్దం. ఫోటో మీద మా వేలు పడితే చాలు, చేతిరుమాలుతో తుడిచేవారు. డిగ్రీలో ఉండగా ఓసారి మా ఊరి గుట్ట ఫోటో నా ముందు పెట్టారు. మా తాతలు పుట్టకముందు, ఎండాకాలంలో తీసింది. ఆకు రాలిన చెట్లు చూసి టేకన్నాను. ఆయన నవ్వారు.

"కొమ్మల్ని ఇడిసిపెట్టు బిడ్డా. చెట్టు కింద నేల జూడు."

భూతద్దంలో చూస్తే ఒక్కో చెట్టు కింద తెల్లటి గుండ్రటి జాగా. ఇప్పపూలు రాలేముందు మా అవ్వ ఆకులూడ్చి చేసేది అలాంటి జాగానే. టేకు కింద ఎవరూడుస్తారు? ఆ చూపు ఆయన పెట్టిన భిక్ష. ఇవాళ్టికీ కాదనను.

తర్వాత ఆ గుట్టకు అటవీశాఖవాళ్లు కంచె వేస్తామన్నారు. ఒకప్పుడు అక్కడున్నది టేకేనని, మేం పూలేరుకోవడం నిన్నమొన్నటిదని అధికారుల వాదన. కాదనడానికి మాకున్న రుజువు ఆ ఫోటో ఒక్కటే. వాళ్ల ఆఫీసులో విచారణకు సారును నేనే వెంటబెట్టుకెళ్లాను. అవ్వ పండగ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

సారు ఫోటో అందుకున్నారు. భూతద్దం జేబులోంచి తీయలేదు.

"మసకగున్నది. ఏం చెట్లో చెప్పలేను," అన్నారు.

బయటికొచ్చాక ఎందుకిట్లా చేశారని నిలదీశాను. తలెత్తకుండా, "నా కొడుకు గీ ఆఫీసులనే పనిచేస్తుండు బిడ్డా," అన్నారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లను చాలామందిని చూశాను. చెట్టు పేరు మింగేసినవాణ్ని ఆయననే చూశాను. కోపం ఇంకా చల్లారలేదు. బస్సులో అవ్వ ఒక్కటే అడిగింది.

"నీకు చూసుడు నేర్పిన సారు గాయననేనా?"

అవునని చెప్పడానికి సిగ్గేసింది.

ఆయన్ని చివరిసారి చూసొచ్చి, మర్నాడు అవ్వతో గుట్ట దగ్గరికి వెళ్లాను. కంచె లోపల ఇప్పపూలు రాలుతున్నాయి. చెట్ల కింద రెండేళ్ల ఆకు పేరుకుపోయింది, తెల్ల జాగా ఒక్కటీ లేదు. ఇప్పుడెవరైనా ఫోటో తీస్తే సారన్న మాటే నిజమవుతుంది.

ఒక్క చెట్టు మాత్రం కంచె ఇవతలికి వంగి ఉంది. అవ్వ కొంగు బిగించి దాని కింద ఊడ్చింది. సగం గుండ్రం వచ్చి, ముళ్లతీగ దగ్గర ఆగిపోయింది.