పెన్సిల్ గీతలు

ఇంటర్నెట్ సెంటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నారాయణగూడ బస్టాపుల నా పక్కన ఒక టీచరమ్మ, ఇంటర్నెట్ల నుంచి తీసిన ఇంగ్లీషు కథల కాగితాలు పట్టుకొని కూర్చుంది. ఒకటి నాకిచ్చింది.

"తమ్మీ, జర గట్టిగ చదువు."

అశోక్ నగర్‌ల సర్కారు నౌకరి పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నోణ్ణి, ఇది నాకో లెక్కా అనుకొని షురూ చేసిన. నేను తడబడ్డ ప్రతి మాట కింద ఆమె పెన్సిల్‌తో గీత గీసింది. సగం పేజీకే నాకు చెమటలు పట్టినయి.

"ఈ గీతలెందుకక్కా?"

"నువ్వు ఆగిన కాడ మా బడి పిల్లలు గూడ ఆగుతరు. రేపు ముందుగాల ఆ మాటలే నేర్పిస్త."

చిక్కడపల్లి బస్సొచ్చింది. కాగితం తీసుకొని ఎక్కుతూ నవ్వింది.

"రోజూ ఒకరితోటి చదివిస్త తమ్మీ. తడబడకుంట చదివేటోళ్లు నాకు పనికిరారు."

నా ఇంగ్లీషును మెచ్చుకున్న మనిషి ఇప్పటికీ ఆమె ఒక్కతే.