ఖాలా మోకాలు, నా అలంకారాలు

నా చిన్నప్పుడు మట్టెవాడలో మా ఇంటి గోడను ఆనుకునే పక్కింటి ఖాలా ఇల్లు ఉండేది. ఖాలా అంటే పిన్ని. ఆమె మాకు చుట్టం కాకపోయినా వాడలో పిల్లలందరం అలాగే పిలిచేవాళ్ళం. ఆమె జాకెట్లు కుట్టి బతికేది. భర్త లేడు. ఒక్కగానొక్క కూతురిని పాలకుర్తిలో ఇచ్చింది. ఖాలాకు చదువు రాదు కాబట్టి ఆ అక్కకు పోస్టుకార్డు రాసే పని నాది. రాసిన ప్రతిసారీ నా బొమ్మలకు రంగురంగుల గుడ్డముక్కలు దొరికేవి.

ఏడో తరగతిలో మాకు అలంకారాల పాఠం వచ్చింది. మా తెలుగు సారు అతిశయోక్తి చెప్పిన రోజు నుంచి నేను మామూలుగా మాట్లాడటం మానేశాను. అన్నం వేడిగా ఉంటే అగ్నిపర్వతం అన్నాను. మా తమ్ముడి ముక్కును జలపాతం అన్నాను. మా అమ్మ రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు వీపు మీద ఒకటి వేసింది.

సరిగ్గా ఆ వారమే ఖాలా పిలిచింది. కుట్టుమిషను తొక్కుతూనే చెప్పింది: "రాయి బిడ్డా. నేను మంచిగున్న. మోకాలు జర నొస్తాంది. ఫికర్ చెయ్యకు. నీ పాణం పైలం."

అంతే. అక్కకు అప్పుడు ఆరో నెల. కన్నతల్లి రాయవలసిన ఉత్తరం ఇంత చప్పగా ఉంటుందా అనిపించింది నాకు. పైగా కార్డులో సగం ఖాళీ. అందుకని నేనే పూనుకున్నాను. "నా మోకాలు కొలిమిలో ఇనుములా కాలుతోంది. నా కన్నీళ్ళు గోదావరిలా పారుతున్నాయి. రాలబోయే పండుటాకులా ఉన్నాను. నీ కోసం చకోరంలా ఎదురుచూస్తున్నాను." చివర ఫికర్ చెయ్యకు అని కూడా రాశాను, అది ఖాలా చెప్పిన మాట కదా. చదివి వినిపించమంటే మాత్రం ఆమె చెప్పిన నాలుగు ముక్కలే చదివాను.

నాలుగో రోజు మధ్యాహ్నం బస్టాండు నుంచి మా గల్లీలోకి రెండు రిక్షాలు వచ్చాయి. ముందు దాంట్లో అక్క, ఆమె భర్త. వెనక దాంట్లో అక్క అత్తగారు, ఒళ్ళో బత్తాయిల సంచి. ఆవిడ గల్లీ మొదట్లోనే ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు విని ఇళ్ళలో కునుకు తీస్తున్న వాళ్ళంతా బయటికి వచ్చారు. డాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్న ఖాలా కూడా గబగబా మెట్లు దిగి వచ్చి, "ఎవలకేమైంది?" అని అడిగింది.

తల్లిని చూసి అక్క గడపలోనే కూలబడిపోయింది. అత్తగారు ఖాలాను కిందినుంచి పైదాకా చూసి, "మనిషి గట్టిగనే ఉన్నదిగదా" అంది. ఆ గొంతులో సంతోషం ఎంతో, వచ్చిన పని పోయిందన్న చిన్నబోవడమూ అంతే ఉంది.

అల్లుడు జేబులోంచి కార్డు తీసి అందరి ముందూ చదివాడు. కొలిమి దగ్గర ఎవరో దగ్గారు. గోదావరి దగ్గర నవ్వు ఆపుకున్నారు. "దవాఖానకు తీస్కపోదామని వచ్చినం," అన్నాడతను.

"మిగిలినయి మాకు సమజైనయి," అంది అత్తగారు. "గా చకోరమంటే ఏం రోగమో మా ఊర్లె ఎవ్వలకు తెల్వదాయె. దానికే ఎక్కువ భయపడ్డం."

గల్లీ అంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వబోయి అక్క పాదాలు చూశాను. బస్సు కుదుపులకు, ఏడుపుకు ఆమె ముఖం వాడిపోయింది. ఉబ్బిన పాదాల మీద చెప్పుల పట్టీలు లోతుగా అచ్చుపడ్డాయి. ఇక నా పేరు బయటికి వస్తుందని మా తలుపు చాటుకు జరిగాను.

ఖాలా ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత అల్లుడితో, "నేనే చెప్పి రాయించిన. ఆ పూట పాణం మంచిగ లేకుండె," అంది. వాళ్ళకు మంచినీళ్ళిచ్చి పొయ్యి రాజేసింది. అక్కను రెండు రోజులు ఉంచుకుని, కాళ్ళకు కాపడం పెట్టి పంపింది.

వారం తర్వాత మళ్ళీ కార్డు పట్టుకుని పిలిచింది. నేను తల దించుకుని కూర్చున్నాను.

"గోదారి చూసినవా?"

"లేదు ఖాలా."

"నేను ఏడ్వంగ చూసినవా?"

"లేదు."

"మరేం చూసినవ్?"

ఆమె మిషను ముందు నుంచి లేచింది. బల్ల పట్టుకుని కాసేపు వంగి ఉండిపోయి, నాలుగడుగులు కుంటుతూ వేసి, ఆ తర్వాత మామూలుగా నడిచింది. రోజూ నా కళ్ళ ముందే జరిగేది. నేనే ఎప్పుడూ పట్టించుకోలేదు.

"తుప్పు వట్టిన తలుపు బందు లెక్కుంది నా మోకాలు," అంది. "పొద్దుగాల కిర్రుమంటది. నాలుగుసార్లు తీసి మూస్తే మంచిగైతది. గట్ల రాయి. నొప్పెంతనో బిడ్డకు తెలుస్తది, భయం గాదు."

"ఇది ఉపమాలంకారం ఖాలా," అన్నాను ఆశ్చర్యపోయి.

"ఏమో బిడ్డా, నాకు మోకాలే తెల్సు," అంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. పది రోజులకు అక్క జవాబు వచ్చింది. బందుకు నూనె రాస్తున్నావా లేదా అని తల్లిని గదమాయించింది. అది చదివినప్పుడు ఖాలా మిషను ఆపి మరీ నవ్వింది.

ఆనాటి నింద తన మీద ఎందుకు వేసుకున్నావని నేను ఆమెను అడగలేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు హనుమకొండలో ఉంటూ, దూరాన ఉన్న నా వాళ్ళకు ఫోన్‌లోనే నాలుగు మాటలు రాస్తుంటాను. గొప్ప మాట ఏదైనా తోచినప్పుడు వేలు ఆగుతుంది. నేను దాన్ని నిజంగా చూశానా అని నన్ను నేనే అడుగుతాను. ఇది చదివి అవతలి మనిషి ఏ బస్సు ఎక్కుతారో కాసేపు ఆలోచిస్తాను. ఆ తర్వాతే పంపుతాను.