పెంటమ్మ అసలు పేరు

ఈ సంగతి రాసిపెట్టాలి. మా అమ్మాయి పెద్దయ్యాక "నాకు గీ పేరేంది నాయినా?" అని అడిగితే నోటితో చెప్పడం నా వల్ల కాదు.

దయ్యాలు, చేతబడి నేనెన్నడూ నమ్మలేదు. నా బడి ఏడో తరగతిలోనే ఆగింది. అయినా మేడ్చల్ గ్రంథాలయంలో సైన్సు పుస్తకాల బీరువా మొత్తం చదివినవాణ్ణి.

మాది రావల్కోల్. మొదటి ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. 2012లో ఈ పాప పుట్టగానే మా నాయిన తల్లి, అవ్వ, పాత పద్ధతి చేయించింది. పాపను చాటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టాం. పక్కింటి జైబున్నిసా ఎత్తుకుంది. గుప్పెడు తవుడిచ్చి ఆమె దగ్గర కొనుక్కున్నాం. పెంట మీద దొరికింది కాబట్టి పెంటమ్మ. అలాంటి పిల్ల జోలికి చావు రాదని అవ్వ నమ్మకం.

అసలు పేరు నా భార్య సుజాత పాప చెవిలో చెప్పింది. విన్నది అవ్వ, నేను. పాప బడికి పోయేదాకా అది బయటికి రాకూడదు. ఆస్పత్రి కాగితంలో కూడా పెంటమ్మ అనే రాయించాం. నాకు నమ్మకం లేదు, కానీ సుజాత మొహం చూసి ఊరుకున్నాను.

మరుసటి ఏడు పెద్ద ఫోను కొన్నాను. బామ్మర్ది శ్రీకాంత్ ఫొటోలు పంచుకునే యాప్ ఒకటి వేశాడు. నంబర్లు, ఫొటోలు, మైకు అన్నీ వాడుకుంటానని అది అడిగింది. నేను ఆగాను.

"ఒత్తు బావా! ఊకెనే ఇస్తుండ్రు. నీ ఫోన్ల ఏం ఖజానా ఉందని?"

అన్నిటికీ ఒప్పుకున్నాను. పాప ఫొటో పెట్టాను. మొహం చుట్టూ ఒక గడి వచ్చింది. కింద, ఈమె ఫలానాయేనా అని అడుగుతూ, పాప చెవిలో చెప్పిన ఆ పేరు.

శ్రీకాంత్ పైకే చదివాడు. "గీమె ఎవలు బావా?"

సుజాత తడి చేతులతో వంటింట్లోంచి వచ్చింది.

"ఎవలికి జెప్పినవ్?"

"ఎవలికీ జెప్పలే."

ఆమె ఏడవలేదు. పాపను ఎత్తుకొని లోపలికి పోయింది.

మేడ్చల్‌లో ఫోన్లు బాగుచేసే ఖాజా భాయి ఫోనంతా వెతికాడు. ఆ పేరు ఎవరూ టైపు చేయలేదు. "మైకు విన్నదేమో భాయ్" అన్నాడు. కానీ చెవిలో చెప్పిన రోజు మా ఇంట్లో ఆ ఫోనే లేదు. మా బంధువుల్లో ఆ పేరు గలవాళ్లూ లేరు. అతను యాప్ తీసేశాడు. తీసేసినా ఫొటో ఆ యాప్ వాళ్ల దగ్గరే ఉంటుందన్నాడు.

పాప బాగానే ఉంది. బడిలో కూడా పెంటమ్మే. ఆ పేరును మేం వదిలేసుకున్నాం. అది అక్కడికి ఎట్లా చేరిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఖాజా భాయికి, ఫోన్ల గురించి పుస్తకాలు వెతికిచ్చిన గ్రంథాలయం యాదగిరి సారుకు, జైబున్నిసాకు, ఆ పేరు మళ్లీ పలకని శ్రీకాంత్‌కు కృతజ్ఞతలు. ఇది రాయనిచ్చిన సుజాతకు కూడా. ఆ పేరు ఇందులో ఎక్కడా లేదని ఆమె మళ్లీ మళ్లీ చదివి చూసుకుంది.