నా మెడ పక్కకు వచ్చిన ఉలి

ఏలూరులో మా నాన్నగారికి చిన్న వడ్రంగి షెడ్డు ఉంది. అక్కడ ఆయన లేత్ మెషిన్ మీద మంచం కోళ్లు గుండ్రంగా చెక్కుతారు. డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజు, మా ఇంట్లో మొదటి పట్టభద్రురాలిని నేనేనని చెప్పడానికి షెడ్డుకు పరుగున వెళ్లాను. పెద్దల ముందు తల కప్పుకోవడం మా ఇంటి మర్యాద. మెషిన్ పక్కనే నిలబడి చున్నీ తల మీదికి లాక్కున్నాను. దాని కొస తిరుగుతున్న మంచం కోడుకు చుట్టుకుంది.

క్షణంలో నా మెడ బిగుసుకుంది. ముఖం కొయ్య వైపు వంగిపోతోంది. స్విచ్ అవతలి గోడకు ఉంది.

"కదలకమ్మా! కళ్లు మూసుకో!"

నేను మూసుకోలేకపోయాను. నాన్నగారి చేతిలోని ఉలి నా మెడ దగ్గరికి రావడం చూశాను. చెవి పక్కన గుడ్డ తెగిన చప్పుడైంది. నేను వెనక్కి పడ్డాను.

ఆయన మెషిన్ ఆపి వచ్చి నా మెడంతా తడిమారు. "ఎక్కడైనా తెగిందా అమ్మా?"

"లేదు నాన్నా. నేను పాసయ్యాను."

"పాసు సంగతి తర్వాత. ముందు ఊపిరి పీల్చుకో!"

ఆ రోజు ఆయన మళ్లీ ఉలి పట్టలేదు.

ఇప్పుడు నేను షెడ్డు గుమ్మంలోకి రాగానే, "చున్నీ నడుముకు బిగించమ్మా, మర్యాదలు ఇంటి దగ్గర చూసుకుందాం" అంటారు. నేను నవ్వుతాను. కానీ మెషిన్ తిరగడం మొదలవగానే నా చేయి తనంతట తానే మెడ మీదికి వెళుతుంది.